వదినగారి గుమ్మం ముందు పరీక్షల బండి

ఆ రోజు పొద్దున హారన్ బాబాయ్ వేసుకున్న ఎత్తు చాలా చిన్నది. మిల్లులో పరీక్షలకు వెళ్లే దారిలో బండిని వదినగారి వీధిలోకి తిప్పాలి. ఇంటి ముందు ఓ పావుగంట ఆపాలి. భార్య గుమ్మంలోకి వస్తే కళ్లారా చూడాలి, పలకరిస్తే పలకాలి, లేకపోతే నోరు మూసుకుని ముందుకు సాగిపోవాలి. ఇంతే. ఇందులో కొంప మునిగేదేముందని అతను అనుకున్నాడు. మునిగే కొంపలన్నీ ఇలాంటి పావుగంటల్లోనే మునుగుతాయని అతనికి తెలియదు పాపం.

బండి అంటే ఆషామాషీ బండి కాదు. పెద్దాసుపత్రి పరిశోధన విభాగం వారి క్యాన్సర్ పరీక్షల బండి. లోపల ఆడవాళ్లకు రొమ్ము ఎక్స్‌రే తీసే యంత్రం, అందరికీ నోరు చూసే కుర్చీ, ఒక డాక్టరమ్మ, ఒక నర్సు. జనం రోగం ముదిరాక ఆసుపత్రికి పరిగెత్తడం కాకుండా, ఆసుపత్రే జనం ముంగిటికి వెళ్తే జబ్బు ఎంత ముందుగా దొరుకుతుందో తేల్చడం వాళ్ల పరిశోధన. డ్రైవర్ గొంతు విన్నవాళ్లెవరూ అతన్ని అసలు పేరుతో పిలవరు. డాక్టరమ్మకు తప్ప అందరికీ అతను హారన్ బాబాయే. ఆ గొంతు వృథా పోకూడదని బండి మైకు ప్రకటన కూడా అతని చేతే చెప్పించి రికార్డు చేశారు. "అమ్మల్లారా, అక్కల్లారా, అన్నల్లారా! భయపడకండి, దాచుకోకండి! చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే ప్రాణం మనదే!" అని ఏ వీధికి వెళ్లినా చెవులు గింగురుమనేలా మోగుతుంది.

దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా? ఆ మాటలు చెప్పిన నోట్లోనే, ఎడమ బుగ్గ లోపల, పొగాకు నొక్కిపెట్టుకునే చోట, ఒక తెల్లమచ్చ ఉంది. ఒకరోజు అతను నోరంతా తెరిచి ఆవలిస్తుంటే భార్య కంట పడింది. రేపే డాక్టరమ్మకు చూపించమంది. అతను రేపన్నాడు. మర్నాడు కూడా రేపే అన్నాడు. రోజూ డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తిరిగే మనిషి తీరిక లేదంటే ఏ భార్య నమ్ముతుంది? చివరికి సంచి సర్దుకుని అక్కగారింటికి వెళ్లిపోయింది. "ఆ నోరు చూపించుకున్నాక కబురు చెయ్యండి, వస్తాను" అని గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. అప్పుడే వెళ్లొద్దని అనాల్సింది. అతను అనలేదు.

రెండు నెలలైంది. ఇల్లు ఇల్లులా లేదు. రెండు కప్పుల టీ పెట్టడం చేతికి అలవాటైపోయి, రెండూ తనే తాగుతున్నాడు. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్లగానే "కాళ్లు కడుక్కున్నారా?" అనే మాట కోసం కాసేపు నిలబడి, ఎవరూ అనరని గుర్తొచ్చి కడుక్కోకుండానే కూర్చుంటున్నాడు. బెంగ పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడు బెంగ పెట్టుకుంటే ఎత్తుకుంటారు. యాభై దాటిన మనిషి బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకోవాలి? ఫోన్ చేస్తే ప్రతిసారీ వదినగారే ఎత్తేవారు. "చూపించుకున్నావా? లేదా? అయితే ఉంటాను" అని పెట్టేసేవారు.

సరే, బండి వదినగారి ఇంటి ముందు ఆగింది. "ఇక్కడ ఆపారేంటి డ్రైవర్ గారూ?" అంది డాక్టరమ్మ.

"ఇంజన్ వేడెక్కిందండీ. కాస్త చల్లారనిద్దాం."

వదినగారి తలుపు తెరుచుకోలేదు. కిటికీ కర్టెన్ కూడా కదల్లేదు. తన గొంతు వింటే అయినా వస్తుందేమోనని హారన్ బాబాయ్ మైకు వేశాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా పెట్టాడు. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి, వదినగారిది తప్ప వీధిలో ఉన్న తలుపులన్నీ. చేతులు తుడుచుకుంటూ ఆడవాళ్లు వచ్చారు, పేపరు చంకన పెట్టుకుని మగవాళ్లు వచ్చారు. చూస్తుండగానే బండి మెట్ల దగ్గర వరస కట్టారు. మైకు పెట్టి పిలిచి, ఇప్పుడు మీకు కాదు పొమ్మంటే ఏం బాగుంటుంది? నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ నిట్టూర్చి చేతి తొడుగులు వేసుకుంది.

జనం చేరితే మాటలు ఊరికే ఉంటాయా? "పిలవని చోటికి ఇంత బండి ఊరికే వస్తుందా? ఈ వీధిలో ఎవరికో ఉందని తేలి ఉంటుంది" అంది ఎదురింటావిడ. "ఎవరికో ఏమిటి, ఎవరి గుమ్మం ముందు ఆగిందో చూడండి" అంది పక్కావిడ. అంతే, గోరంత కొండంతైంది. వదినగారు పాలు దించి, ఈ గోలేమిటని తలుపు తీసేసరికి, ఎదురింటావిడ పళ్ల సంచితో, నీళ్లు నిండిన కళ్లతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ధైర్యంగా ఉండండి అక్కగారూ. మేమంతా లేమూ?"

"ధైర్యం దేనికి?"

"మీరు దాచుకోనక్కర్లేదు. మాకంతా తెలిసింది."

"నాకు తెలియంది మీకేం తెలిసిందమ్మా?" అని వదినగారు విస్తుపోతుండగానే వీధి మొదట్లో పెద్ద కేక వినిపించింది. వదినగారి భర్త బడిలో డ్రిల్లు మాస్టారు. ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేసి చెప్పేశారు. మెడలో ఈల వేలాడుతుండగా పరిగెత్తుకొచ్చి, అరుగు మీద కూలబడి, "నన్నొక్కణ్ణీ చేసి వెళ్లిపోతావటే!" అని బావురుమన్నాడు. "ఎక్కడికండీ వెళ్లేది? పొయ్యి కూడా కట్టలేదు నేను" అన్నారు వదినగారు. అన్నారే గానీ, ఇంతమంది ఏడుస్తుంటే ఎంతటి గట్టి మనిషికైనా అనుమానం పుడుతుంది. చెప్పులు వేసుకుని వెళ్లి ఆవిడా వరసలో నిలబడ్డారు.

అప్పుడు కనిపించాడు మరిది. "ఓహో, నీ నిర్వాకమేనా ఇదంతా?"

"వదినా, తిడితే తరవాత తిట్టండి. ఒక్కసారి మీ చెల్లెల్ని పిలవండి" అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"అది లేదయ్యా. తెల్లారకముందే ఎక్కడికో వెళ్లింది. నాక్కూడా చెప్పలేదు."

హారన్ బాబాయ్ మూసి ఉన్న కిటికీ వైపు చూశాడు. నేను వస్తానని ఎలాగో తెలిసి, మొహం చూడటం ఇష్టం లేక వెళ్లిపోయిందనుకున్నాడు. అంతవరకూ కోపమనుకున్నాడు, కోపమైతే తగ్గుతుంది. ఇది కోపం కాదేమో, విసుగేమో అనిపించింది. ఇక ఆ వీధిలో ఒక్క నిమిషం ఉండాలనిపించలేదు. బండి తీసేద్దామని ముందుకు వెళ్లాడు.

బండి ముందు భాగం తెరిచి ఉంది. వీధి చివర షెడ్డు మెకానిక్ తల లోపల పెట్టి కనిపించాడు. కింద పరిచిన గోనెసంచి మీద పైపులు, బోల్టులు, ఫ్యాను, బెల్టు బారుగా పేర్చి ఉన్నాయి.

"ఎవరు విప్పమన్నారయ్యా!"

"డాక్టరమ్మగారు. మిల్లులో వాళ్లు ఎదురుచూస్తున్నారు, ఇంజన్ వేడి సంగతి త్వరగా చూడమన్నారు."

"దానికేం కాలేదు, బాగానే ఉంది!"

"పైకి అలాగే ఉంటుంది బాబాయ్. నేనెన్ని చూశాను! బాగానే ఉందని వదిలేసినవే నడిరోడ్డు మీద ముంచుతాయి. విప్పి చూస్తే పోయేదేముంది?" అని మెకానిక్ ఇంకో బోల్టు తిప్పాడు. హారన్ బాబాయ్ ఎడమ బుగ్గ తడుముకున్నాడు.

ఇంతలో డాక్టరమ్మ ఫోను మోగింది. మిల్లు మేనేజరు. పని ఆపి అందర్నీ నిలబెట్టాం, రిబ్బను కట్టాం, మీరెక్కడ అని నిలదీశాడు. బండి కదిలే స్థితిలో లేదని ఆవిడ చెప్పింది. "మీరు రాలేకపోతే మేమే వస్తాం" అని అతను పెట్టేశాడు. డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఈ వీధి మన పరిశోధన లెక్కలోనే లేదండీ డ్రైవర్ గారూ! మిల్లువాళ్లు, వీధివాళ్లు కలిసిపోతే పైవాళ్లకి నేనేం చెప్పను?" హారన్ బాబాయ్ నేల చూపులు చూశాడు. ఒక్క అబద్ధం ఇంత సంతానం కంటుందని అతను ఊహించలేదు.

మిల్లు బస్సు వచ్చింది. మేనేజరు చేత్తో రిబ్బను, కత్తెర పట్టుకుని దిగాడు. కట్టడానికి ఇంకేమీ దొరక్క, వదినగారి గేటుకు అడ్డంగా కట్టాడు. ఎక్స్‌రే తీయించుకుని, "నాకేమీ లేదట! రాయిలా ఉన్నానట!" అని వీధంతా వినబడేలా అంటూ వచ్చిన వదినగారు సొంత ఇంట్లోకి వెళ్లడానికి రిబ్బను కత్తిరించాల్సి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడుపు ఆపిన డ్రిల్లు మాస్టారు పట్టరాని సంతోషంతో ఈల ఊది, మిల్లువాళ్లని రెండు వరసలుగా నిలబెట్టడం మొదలుపెట్టాడు.

బస్సులోంచి అందరూ దిగాక, చివరగా ఒకావిడ దిగింది. చీర అంతా నలిగింది, ఎండకు మొహం కందింది. హారన్ బాబాయ్ ఆమెను చూసి, చూసింది నమ్మలేక, మళ్లీ చూశాడు.

"నువ్వా! బస్సులో నువ్వేంటి?"

"పొద్దున్నుంచీ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. ఇవాళ మీ బండి అక్కడికొస్తుందని నర్సమ్మ చెప్పింది."

"అక్కడికెందుకెళ్లావు?"

"మీరిక్కడికెందుకొచ్చారు?"

ఆమె అతని చొక్కాకున్న పిన్నీసు చూసింది. చెయ్యి చాపబోయి, అంతమంది చూస్తున్నారని ఆగింది.

"బండికేమైందట?" అంది.

"ఇంజన్..."

"నా మొహం చూసి చెప్పండి."

"ఏమీ కాలేదు. నిన్ను చూడాలనిపించింది. ఉండలేకపోయాను."

అతని గొంతు గుసగుసకు పుట్టింది కాదు. వీధి వీధంతా విన్నది. ఫ్యాను చేత్తో పట్టుకున్న మెకానిక్, "మరి నేను ఇంతసేపూ ఇదంతా విప్పిందెందుకు బాబాయ్?" అన్నాడు. భార్య మొగుడి మోచెయ్యి పట్టుకుని వరస మధ్యలోంచి నడిపించుకుంటూ వెళ్లింది. "మా సంగతి ముందు చూడండి డాక్టరమ్మా. మేము రెండు నెలల్నుంచి వరసలో ఉన్నాం."

కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ లైటు వేసి, బుగ్గ పక్కకు లాగి, చాలాసేపు చూసింది. "అందర్నీ అడిగే ప్రశ్నే. పరిశోధన కోసం రాసుకోవాలి" అంది చివరికి మెల్లగా. "అన్నీ తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదు?"

"మొదట్లో భయంతోనండీ. ఆవిడ వెళ్లాక చూపించుకుందామనే అనుకున్నాను" అన్నాడు హారన్ బాబాయ్. ఎన్నడూ లేనిది, గొంతు చాలా చిన్నగా వచ్చింది. "మీరు ఏమీ లేదంటే సరే. ఉందంటే ఆ మాట మోసుకుని ఇంటికెళ్లాలి కదండీ. ఇంట్లో ఎవరున్నారు?"

నర్సు రాయడం ఆపేసింది. భార్య కొంగుతో మొహం తుడుచుకుని, "రాసుకోండమ్మా, నేనున్నానని కూడా రాసుకోండి" అంది.

పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా ఇద్దరూ తమ ఇంట్లో రెండు కప్పుల టీ పెట్టుకుని చల్లారబెట్టుకున్నారే గానీ తాగింది లేదు. జవాబు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే అటువైపు నడిచేదేనట, సగం దారిలో దొరికిందట. మచ్చ మొత్తం తీసేశారు. పొగాకు పొట్లాలన్నీ భార్య స్వయంగా చెత్తబుట్ట పాలు చేసింది. వదినగారి వీధిలో ఎదురింటావిడకు మాత్రం, తనకే తెలియని చిన్న గడ్డ ఎక్స్‌రేలో కనపడింది. బఠాణీ గింజంత ఉండగానే తీసేశారు, గండం గడిచింది. వదినగారు పళ్ల సంచితో వెళ్లి పలకరించి వచ్చారు. లెక్కలో లేని వీధిని లెక్కలోకి ఎక్కించమని డాక్టరమ్మే పైవాళ్లను అడిగింది. హారన్ బాబాయ్‌కి చీవాట్లు పడ్డాయి, మెకానిక్‌కి బండి బిగించడానికి మర్నాటి దాకా పట్టింది.

మచ్చ తీసిన చోట ఆరేదాకా వారం రోజులు నోరు మెదపకూడదన్నారు. భార్య అతని పక్కనే కూర్చుని, చొక్కాకు గుండీ కుట్టిపెడుతూ, రెండు నెలలుగా దాచిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చెప్పింది. కొన్ని తిట్లు, కొన్ని కన్నీళ్లు, ఎక్కువ భాగం బెంగ. అతను తలూపుతూ అన్నీ విన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో హారన్ బాబాయ్ ఆవిడ మాటకు ఎదురు చెప్పనిది ఆ వారమొక్కటే, ఆ ఘనత పూర్తిగా వైద్యశాస్త్రానిదే.