కొంగలచెరువు చుట్టూ కుటుంబ సమేతంగా

కాళ్లున్న ప్రతివారూ నడవవచ్చుననే అపోహ మన సమాజంలో చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. దాన్ని తొలగించే బాధ్యతను మా తెల్లాపూర్ పక్కనున్న కొంగలచెరువు ప్రకృతి సంరక్షణ వనంవారి కుటుంబ నడక విభాగం స్వీకరించింది. (కొంగలకు వేరే విభాగం ఉంది. అందులో ఖాళీలు ఇంకా భర్తీ కాలేదు.)

ఈ విభాగం లెక్కలో చెరువు చుట్టూ నడిస్తే అది నడక కాదు, ఫ్యామిలీ హైక్. హైక్ అన్నాక ఎక్కడానికి ఏదో ఒకటి ఉండాలి. చెరువు ఒడ్డున ఎక్కడానికేముంటుంది? అందుకని, పక్కనే మా గేటెడ్ కమ్యూనిటీ కట్టేటప్పుడు బేస్‌మెంటు కోసం తవ్వి తీసిన మట్టిని ఒడ్డున గుట్టగా పోసి, దానికి 'శిఖరం' అని బోర్డు పెట్టారు. పసిపిల్లలు, వృద్ధులు, మోకాళ్లు మార్పించుకున్నవారు కూడా అధిరోహించగల శిఖరం అది.

మోకాళ్లు మార్పించుకున్నవారు మా ఇంట్లో ఒకరున్నారు. మా అత్తగారు పార్వతమ్మ. సొంతూరు ప్రొద్దుటూరు దగ్గర. ఆపరేషన్‌కు వెళ్తూ కారు ఆపించి, చెరువుగట్టు మీది కట్టమైసమ్మకు దండం పెట్టి, "తల్లీ, నా కాళ్లతో నేను నడిచే మాదిరి చేస్తే నీ చెరువు చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేస్తా. అంతవరకూ కాఫీ ముట్టను" అని మొక్కుకున్నారు. మోకాళ్లు కుదిరాయి. కాఫీ మాత్రం లేదు. కాఫీ లేని మా అత్తగారితో ఒక్క ఉదయం గడిపినవారెవరైనా, ఆ మొక్కు తీరడం ఆమెకన్నా మాకే ఎక్కువ అవసరమని ఒప్పుకుంటారు. పనిమనిషి పుణ్యవతి ఇప్పటికే వేరే ఇల్లు చూసుకుంటానని రెండుసార్లు అంది.

ఈ పరిస్థితిలో మావారు గిరీష్ ఒక ఆదివారానికి స్లాట్ బుక్ చేశారు. యాప్ ప్రకారం కుటుంబం అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. మాకు కావ్య ఒక్కతే కూతురు. ఖాళీగా ఉన్న రెండో బిడ్డ స్థానంలో మావారు వాళ్లమ్మను చేర్చారు. పుట్టిన సంవత్సరం యాప్‌లో అంత వెనక్కి జరగలేదు కనుక ఆమె ఐదో తరగతి విద్యార్థినిగా నమోదయ్యారు. గేటు దగ్గర ఆ హోదాలో ఆమెకు ఒక బెలూన్ ఇచ్చారు.

తర్వాత 'నడవడం ఎలా' అనే వీడియో. అది పూర్తయ్యేవరకు కుర్చీల్లోంచి ఎవరూ లేవకూడదు. ఒక పాదం ముందు మరో పాదం వేయాలని, రెండూ ఒకేసారి వేయకూడదని అందులో వివరించారు.

అన్నీ అయ్యాక అత్తగారు మమ్మల్ని మళ్లీ కారెక్కించి, రోడ్డు మీదుగా నేరుగా మైసమ్మ గుడి వైపు బయలుదేరారు. అది బయటికొచ్చే గేటు పక్కన ఉంది. అక్కడ దిశా పర్యవేక్షణాధికారి ఉదయ్ భాస్కర్ గారు అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మా, ఇటు కాదండి. అటు గేటు నుంచి వచ్చి ఇక్కడ బయటికెళ్లాలండి. వన్‌వే అండి ఇది. చెరువు మీ ఎడమచేతి వైపు ఉండాలి."

"ఎడమపక్క పెట్టుకోని తిరిగేది చావులకు నాయనా," అన్నారు అత్తగారు. "నేనింకా బతికే ఉండాను. కుడిపక్కనే ఉండాల."

"కాదనట్లేదండి. కానీ కొంగలు ఈ పద్ధతికి అలవాటు పడ్డాయండి. జనం ఎదురొస్తే కంగారుపడతాయి."

"యాడుండాయి కొంగలు?"

ఉదయ్ భాస్కర్ గారు చెరువు వైపు శ్రద్ధగా చూశారు. "కంగారుపడి వెళ్లిపోయాయండి."

గచ్చిబౌలిలో పదిమంది ఇంజనీర్లకు దారి చూపే మావారు ఇక్కడ కల్పించుకున్నారు. "అమ్మా, ఒక ఉపాయముంది. వాళ్లు చెప్పినట్టే పోదాం, కానీ నువ్వు వెనక్కి తిరిగి నడువు. చెరువు నీ కుడిపక్కకే వస్తుంది."

"దయ్యం మాదిరి వెనక్కి నడవమంటావా? నిన్ను చదివించే బదులు రెండు ఎనుముల్ని మేపింటే పాలన్నా ఇచ్చుండేవి కదరా."

"సార్, ఇగ ఏదన్నొకటి జెయ్యుండ్రి," అని గార్డు యాదయ్య అరిచాడు. "ఎన్కకు మొత్తం లైన్ ఆగింది. పోరగాళ్లు ఏడుస్తున్నరు."

ఉదయ్ భాస్కర్ గారు నిబంధనావళిని మనసులోనే తిరగేశారు. నడిచేవారు ఎదురు వెళ్లకూడదు. అయితే బాటను తనిఖీ చేసేవారు ఎదురు వెళ్లవచ్చు. అలా ఐదో తరగతి విద్యార్థిని పార్వతమ్మ గారు, గుడి ముందు కొబ్బరికాయ కొట్టిన మరుక్షణం, కొంగలచెరువు ప్రత్యేక తనిఖీ అధికారిణిగా నియమితులయ్యారు. ఆమెకు నారింజరంగు జాకెట్ తొడిగారు. బెలూన్ మాత్రం ఆమె వదల్లేదు.

పదవి మనిషిని ఎలా మారుస్తుందో తెలియదు గానీ, ఎదుటివాళ్లను మారుస్తుందని నేను కళ్లారా చూశాను. ఎదురొచ్చిన కుటుంబాలన్నీ పక్కకు తప్పుకుని నిలబడ్డాయి. ఒకాయన చిప్స్ ప్యాకెట్ జేబులో దాచుకున్నాడు. "పారేశాడు మేడమ్, ఇందాక ఒకటి పారేశాడు," అని ఆయన భార్యే ఫిర్యాదు చేసింది.

"ఏం నాయనా, చెరువు చూస్తాండావా, ఫోన్ చూస్తాండావా?" అని అత్తగారు ఒక కుర్రవాణ్ని నిలదీశారు.

"సారీ మేడమ్, చెరువు ఫొటోనే చూస్తున్నా," అన్నాడతను.

శిఖరం ఎక్కారు. దిగారు. మోకాళ్లు మాట నిలబెట్టుకున్నాయి. ఒడ్డు వెంబడి తిరిగి తిరిగి లోపలికొచ్చే గేటు దగ్గరికి చేరాం. అక్కడ బాట ఒక గోడకు తగిలి ఆగిపోయింది. 'మీ చుట్టు పూర్తయినట్టు పరిగణించడమైనది' అని గోడ మీద రాసి ఉంది. మావారు చప్పట్లు కొట్టారు.

"మైసమ్మ యాడ?" అన్నారు అత్తగారు.

మైసమ్మ గోడకు అవతల ఉంది. రెండు గేట్లకూ మధ్య ఉన్నది మా గేటెడ్ కమ్యూనిటీ.

"మొదలుపెట్టిన చోటికి రాకుంటే అది చుట్టు యాడయితుందిరా? గోడ మీద రాసుకుంటే ఆ తల్లి చదువుతుందా?"

సాయంత్రం కాఫీ నా కళ్లముందే ఆవిరైపోతోంది. "మన కమ్యూనిటీ లోంచి అడ్డంగా వెళ్దాం అత్తా," అన్నాను. చెరువు వైపు మాకొక చిన్న గేటు ఉంది. అక్కడ మా సెక్యూరిటీ మనిషి మమ్మల్ని ఆపాడు.

"చెరువు దిక్కు నుంచి వచ్చేటోళ్లు విజిటర్లే మేడమ్. ఫ్లాటు ఓనరు ఓకే అనాలె."

"ఓనర్లం మేమే కదయ్యా. రోజూ నమస్తే పెడతావు!"

"గదే మేడమ్. మీరే ఓకే అనుండ్రి. జర జల్ది."

నా ఫోన్ మోగింది. మీ ఇంటికి మీరు వచ్చారు, అనుమతించాలా అని అడిగింది. మమ్మల్ని అనుమతించుకున్నాను. అత్తగారికి మాత్రం తనిఖీ జాకెట్ ఉండటం వల్ల ఆమె ఏ రకమో చెప్పాలంది. అతిథి, క్యాబ్, పార్సిల్. ఆవిడ కోడలింటికి అతిథిగా రావడానికి ఒప్పుకోరు కనుక పార్సిల్ నొక్కాను. పగిలే వస్తువా అని అడిగింది. మోకాళ్లను తలచుకుని అవునన్నాను.

ఆ గేటు నుంచి దారి రెండో బేస్‌మెంటులోకి మాత్రమే ఉంది. అక్కడ ఏడాది పొడుగునా పాదాలు మునిగేంత నీళ్లుంటాయి. మోటార్లు తోడుతూనే ఉంటాయి. అవి కార్లు కడిగిన నీళ్లని మా అసోసియేషన్ ప్రకటించింది. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాం.

"నానమ్మా! చేప!" అని కావ్య కేకేసింది.

అత్తగారు ఆగారు. వంగి, వేళ్లు ముంచి, వాసన చూసి, ఆ నీళ్లను నెత్తిన చల్లుకున్నారు.

"ఏమ్మే, ఇప్పుడు చెరువు మనకు యా పక్కనుండాది?"

కుడివైపు చూశాను. ఎడమవైపు చూశాను. వెనక్కి కూడా చూశాను.

"చుట్టూ తిరుగుతానని మొక్కుకుంటి గానీ, నడీమధ్యన ఈదుతానని మొక్కుకోలేదు," అన్నారామె. "పాండి బయటికి. చెరువు ఎంతవరకుంటే అంతవరకూ తిరగాల."

"లేక్ వ్యూ అనే కదమ్మా కొన్నాను," అన్నారు మావారు నీరసంగా. "ఇన్నేళ్లూ బాల్కనీ లోంచి ఎంత వంగి చూసినా కనపడలేదు."

"చెరువులో కూర్చోనుంటే చెరువు యాడ కనపడుతుందిరా?"

మళ్లీ గోడ దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీదుగా మా కమ్యూనిటీని మొత్తం కుడిచేతి వైపు పెట్టుకుని నడిచాం. ఫుట్‌పాత్ లేదు. ఆఫీసు క్యాబులు హారన్ కొడుతుంటే అత్తగారు బెలూన్ ఎత్తి ఆపారు. మా మోటార్లు తోడిన నీళ్లు మోరీలో పారుతున్నాయి. మా కోసం నీళ్లు తెచ్చిన ట్యాంకరు పక్కనే గేటు దగ్గర ఓటీపీ కోసం నిలబడి ఉంది. క్లబ్‌హౌస్ ఎదురుగా, స్విమ్మింగ్ పూల్ ఎదురుగా, ప్రతి టవర్ ఎదురుగా అత్తగారు ఆగి చేతులు జోడించారు. బాల్కనీల్లో ఉన్నవాళ్లు కొందరు తిరిగి నమస్కరించారు.

మైసమ్మ ముందు చుట్టు ముగిసింది. బెలూన్ గుడి కమ్మీకి కట్టి, జాకెట్ ఉదయ్ భాస్కర్ గారికిచ్చి, అత్తగారు నావైపు తిరిగారు.

"పోయి కాఫీ పెట్టుపో. డికాషను చిక్కగా ఉండాల."

ఆ సాయంత్రం ఆమె రెండు గ్లాసులు తాగారు. పుణ్యవతి వేరే ఇంటి ప్రయత్నం మానుకుంది.

మర్నాడు అసోసియేషన్ సర్క్యులర్ వచ్చింది. బేస్‌మెంటులో ఉన్నది చెరువు నీరు కాదని, అలా పిలవడం ఫ్లాట్ల గౌరవానికి భంగకరమని, టవర్లకు వీధిలోంచి దండాలు పెట్టరాదని అందులో ఉంది. అడుగున మరో వాక్యం చేర్చారు: రెండో బేస్‌మెంటులో చేపలు పట్టుకునే హక్కు అసోసియేషన్‌కు మాత్రమే ఉంటుంది.