గుర్నాథం వంశ బరువు

ఒక పెద్ద అడవిలో, దాని చివర చూసొచ్చినవాడు ఒక్కడూ లేకపోయినా కొలతలు చెప్పేవాళ్ళు మాత్రం బోలెడుమంది ఉన్న అడవిలో, గుర్నాథం అనే కొండముచ్చు ఉండేవాడు. అతనిది ఎత్తు కావలి ఉద్యోగం. అంటే అన్నిటికంటే పొడుగైన మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని, వేటగాళ్ళో కార్చిచ్చో కనబడితే అడవంతా అదిరేలా అరవాలి. ఏమీ కనబడకపోతే ఊరికే కూర్చోవాలి. దేవుడి దయవల్ల ఏమీ కనబడని రోజులే ఎక్కువ.

ఈ కొలువుకు జీతం లేదు. కానీ ఆ చెట్టు కిందుగా వెళ్ళే ప్రతి జంతువూ తను తినేదాంట్లో కాస్త అక్కడ పెట్టి పోవాలని ఆచారం. ఎలుగుబంటి తేనెపట్టు ముక్క పెట్టేది, కుందేలు దుంప పెట్టేది, మిగతావాళ్ళు తునికిపండ్లూ మోరిపండ్లూ పెట్టేవారు. గుర్నాథం ఏదీ వద్దనేవాడు కాదు. వద్దంటే పెట్టినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని అతని భయం. అలా ఎవరి మనసూ నొప్పించకుండా తిని తిని, కూర్చున్న కొమ్మ నొచ్చుకునేంత అయ్యాడు.

ఒక మధ్యాహ్నం ఆ కొమ్మ ఫెళ్ళున విరిగింది. గుర్నాథం దాంతోపాటే వచ్చి, చెట్టునీడన కునుకు తీస్తున్న సింహరాజు ముక్కు ముందర పడ్డాడు. మహారాజు ఒక్క గెంతులో ఏటి అవతల తేలారు.

"ఏలినవారు భయపడి పరుగెత్తలేదు. ఏటి అవతలి పరిస్థితులు స్వయంగా పరిశీలించడానికి వెళ్ళారు," అని ఆస్థాన వైద్యుడు కొంగ అప్పటికప్పుడే ప్రకటించాడు.

పరిశీలన ముగించుకుని, తడిసిన జూలు విదిలించుకుంటూ రాజు తిరిగొచ్చి సభ పిలిచాడు. "ఏరా గుర్నాథం, ఆ ఉద్యోగమేమిటి, ఈ ఒళ్ళేమిటి?"

"తిండి మహారాజా, తిండి!" అన్నాడు కొంగ. "కూర్చున్న చోటు కదలకుండా మెక్కితే ఒళ్ళు రాక జ్ఞానం వస్తుందా? నన్ను చూడండి!"

అందరూ చూశారు. పొద్దస్తమానం చేపలు మింగేవాడు పుల్లలా నిలబడి ఉన్నాడు.

రెండో వైద్యుడు తాబేలు మెడ బయటికి పెట్టాడు. "తిండి కాదు, వంశం. మా తాతకు డిప్ప ఉండేది, మా నాన్నకు ఉండేది, నాకూ ఉంది. ఏ పథ్యం చేస్తే ఇది పోతుందో కొంగగారిని చెప్పమనండి."

సభకు పెద్ద అయిన ఏనుగు గొంతు సవరించుకుంది. "నేను పుట్టి బుద్ధెరిగి ఆకూ అలమూ తప్ప ముట్టలేదు. జింకా అవే తింటుంది. దానికి లేని ఒళ్ళు నాకెందుకొచ్చింది?"

ఏనుగును పట్టుకుని "నీకెందుకొచ్చింది" అని తిరిగి అడిగే మొనగాడు ఆ సభలో లేడు.

రాజు తీర్పు చెప్పాడు. "తిండివల్ల లావైతే ఉద్యోగం ఊడినట్టే. పుట్టుకతో వచ్చిన లావైతే పాపం అతని తప్పు కాదు గనుక, చూద్దాం. నీ చుట్టాలను తీసుకురా. వాళ్ళూ నీలాగే ఉంటే వంశమే అనుకుంటాం. పున్నమి దాకా గడువు."

"చూద్దాం" అనే మాట దర్బారులో వింటే ఏ తెలివైన జంతువైనా ఇంటికెళ్ళి మూటాముల్లే సర్దుకుంటుంది. గుర్నాథం మాత్రం అది వరమనుకుని గెంతుకుంటూ ఇల్లు చేరాడు.

రాళ్ళగుట్ట నుంచి చుట్టాలు దిగారు. మేనమామ బసవయ్య, అతని కొడుకులూ కోడళ్ళూ. గుర్నాథం వాళ్ళను చూసి ఎన్నేళ్ళయిందో! గుట్ట మీద మేత తక్కువ, గెంతులు ఎక్కువ. ఒక్కొక్కరి పక్కటెముకలు దూరం నుంచే కనబడుతున్నాయి.

భార్య మాణిక్యం అతన్ని చెట్టు చాటుకు లాగింది. "ఏవండీ, వీళ్ళేనా మీ వంశం? దండెం మీద ఆరేసిన తోళ్ళలా ఉన్నారు. వీళ్ళను సభకు తీసుకెళ్తే ఉన్న ఉద్యోగం కూడా దక్కదు!"

గుర్నాథం తోక కొరుక్కుంటూ ఆలోచించాడు. ఆ కొలువు పోతే తనెవరు? చెట్టు కింద పళ్ళు పెట్టి పోయే గుంపులో ఒకడు. తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

"పున్నమి ఇంకా దూరముంది కదా," అన్నాడు చివరికి. "మేపుదాం."

ఆ రోజు నుంచి మొదలైంది మర్యాద. తెల్లారకముందే పనసతొనలు, పొద్దెక్కితే తేనె, మధ్యలో ఇప్పపూలు. చాలంటే మాణిక్యం ఊరుకునేది కాదు.

"అదేంటి బాబాయిగారూ, అప్పుడే చెయ్యి తీసేశారు? నేను పెట్టింది సయించలేదా? రేపు మీరు చిక్కిపోయి వెళ్తే నలుగురూ నన్నేమనుకుంటారు?"

"కాదమ్మా, పొట్టలో చోటు..."

"ఈ ఒక్కటీ! నామీద ఒట్టే!"

ఏటికెళ్ళి నీళ్ళు తాగొస్తానని బసవయ్య లేస్తే గుర్నాథం అడ్డంపడేవాడు. "నువ్వు కదలకు మావయ్యా, నేనున్నానుగా!" అని మోదుగాకు దొప్పలో నీళ్ళు తెచ్చి నోటికందించేవాడు. పళ్ళకోసం ఈ కొండా ఆ కొండా ఎక్కడం, మోసుకురావడం, మళ్ళీ పరుగెత్తడం. తెచ్చింది తెచ్చినట్టే చుట్టాలకు సరిపోయేది. తనకు మిగిలేది తొక్కలూ గింజలూ. అవి తినడానికి కూడా కూర్చునే తీరిక ఉండేది కాదు.

చుట్టాలు చక్కగా ఊరారు. బసవయ్యకు ముందు బుగ్గలొచ్చాయి, తర్వాత బొజ్జ వచ్చింది, ఆ తర్వాత అభిప్రాయాలు వచ్చాయి. "ఈ తేనె నిన్నటిలా లేదే అల్లుడూ," అనేవాడు, పడుకున్న చోటి నుంచే.

పున్నమి నాడు పొద్దున్నే సభ కూడింది. కొండముచ్చులు దొర్లుకుంటూ వచ్చి వరసగా కూర్చున్నాయి. తాబేలు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూడండి మహారాజా! ఒకే బొజ్జ, ఒకే పిరుదులు! వంశం కాక మరేమిటి?"

ఏనుగు తొండం ఊపింది. కొంగ తల దించుకున్నాడు. రాజు అందరినీ కలయజూసి, "రుజువైంది. ఇంతకీ గుర్నాథం ఏడీ?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను మహారాజా!" ఒక బక్కప్రాణి ముందుకొచ్చి దండం పెట్టింది.

సభంతా మెడలు చాచి చూసింది. అన్న పాతచొక్కా తమ్ముడు వేసుకున్నట్టు, చర్మం వేలాడుతోంది అతనికి.

"నువ్వెవడివి?" అన్నాడు రాజు.

"గుర్నాథాన్నండీ!"

"గుర్నాథం వంశమంతా లావని ఇప్పుడే తేలింది. నువ్వు సన్నగా ఉన్నావు. కాబట్టి నువ్వు గుర్నాథం కాదు."

తాబేలు డిప్ప ఊపుతూ, "శాస్త్రసమ్మతం," అన్నాడు.

గుర్నాథం రాజు కాళ్ళమీద పడ్డాడు. "అయ్యో మహారాజా, నేనేనండీ! తిండి లేక, పరుగెత్తి పరుగెత్తి ఇలా అయ్యాను! మా మావయ్య కూడా వచ్చినప్పుడు కట్టెపుల్లే. మేపితే ఇలా అయ్యాడు! కావాలంటే అడగండి!"

"నిజమేనండీ," అన్నాడు బసవయ్య తృప్తిగా త్రేనుస్తూ. "మా అల్లుడిది బంగారు చెయ్యి."

కొంగ ఒంటికాలి మీదే ఎగిరి గంతేశాడు. "విన్నారా! తిండే! నేను మొదటి నుంచీ మొత్తుకోలేదూ?"

"అలాగా," అన్నాడు రాజు. "అయితే నువ్వు గుర్నాథానివే. తిండివల్ల లావైనవాడివి. ఆజ్ఞ ప్రకారం ఉద్యోగం ఊడింది. గుర్నాథానివి కాకపోతే దొంగవేషగాడివి. అలాగైనా ఊడింది. నీకేది అనుకూలమో అది ఎంచుకో."

"మహారాజా! ఇప్పుడు సన్నబడ్డాను కదా! కొమ్మ ఆగుతుంది కదా!" గుర్నాథం ఏడ్చేశాడు.

"కొమ్మ సంగతి ఎవరడిగారు? సభ కూడింది కారణం తేల్చడానికి."

కారణం మాత్రం తేలలేదు. వంశమని తాబేలు, తిండని కొంగ చీకటిపడేదాకా అరుచుకున్నారు. కావలి లేకుండా అడవి ఉండకూడదు గనుక రాజు ఎదురుగా కనబడిన బసవయ్యకే కొలువిచ్చాడు. చెట్టుకు దన్నుగా నిలబడతానని ఏనుగు మాటిచ్చింది. లావువాళ్ళకు లావువాళ్ళే దిక్కు.

గుర్నాథం కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి చేరేసరికి చుట్టాలంతా అతనికంటే ముందే వచ్చి వరసగా కూర్చుని ఉన్నారు.

"దిగులుపడకు అల్లుడూ, ఉద్యోగం మన ఇంట్లోనే ఉంది," అన్నాడు బసవయ్య. "ఇక రోజూ రాళ్ళగుట్ట నుంచి వచ్చిపోవడం నావల్ల కాదు గానీ, అందరం ఇక్కడే ఉండిపోతాం. అన్నట్టు, ఇవాళ పనస కోయలేదా?"

నీతి: ఒళ్ళెందుకు వచ్చిందో తేల్చుకోవడానికి చుట్టాలను పిలవకండి, కారణం తేలదు, చుట్టాలు కదలరు.