పెదవుల వరకే

లియెప్సాల పట్టణ పౌరులకు తెలియజేయడమేమనగా, మన సామూహిక గాన బృందం ‘అత్‌బల్స్’ ఈ సంవత్సరం నుంచి మూడు సీజన్లుగా కచేరీలు చేయును. అత్‌బల్స్ అంటే ప్రతిధ్వని. ఇంతకాలం ఈ బృందానికి సీజన్లంటూ లేవు. ఆకులు రాలేటప్పుడు ఒకసారి, క్రిస్మస్‌కు ఒకసారి, మంచు కరిగాక ఒకసారి పాడేవారు, అంతే. ఇప్పుడు ఆ మూడు కచేరీలే మూడు సీజన్లు అయ్యాయి. ఇంతటి మార్పు కళా నాయకత్వం లేనిదే సాధ్యం కాదని, సాంస్కృతిక భవనం గుమ్మం పక్కన అంటించిన ఆ ప్రకటనే చెప్పుకుంది.

విజ్మా దాన్ని రెండుసార్లు చదివింది. తపాలా కార్యాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదవనిదే వదలదు. ఆమెకు కావలసిన సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: మే నెలలో జిల్లా పరీక్ష. అందులో నెగ్గిన బృందాలే జూలైలో రాజధాని రీగాలో జరిగే పాటల పండుగకు వెళ్తాయి. ఆ పండుగ అయిదేళ్లకు ఒకసారి వస్తుంది. కిందటిసారి విజ్మా కాలు విరిగి, మంచం మీద పడుకుని టీవీలో చూసింది. ఇది తప్పితే, ఆ తర్వాతిదానికి డెబ్బై నాలుగేళ్లు వస్తాయి. మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. పదిహేను వేల మంది మధ్య ఆ పండుగ వేదిక మెట్ల మీద ఇంకొక్కసారి నిలబడి పాడాలి. ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే.

అంతకుముందు బృందాన్ని నడిపినాయన చర్చిలో ఆర్గన్ వాయించే ముసలాయన. కళా దృష్టి బొత్తిగా లేని మనిషి. నోరున్న ప్రతివాడూ పాడవచ్చునని నమ్మేవాడు. ఎవరైనా తాళం తప్పితే బూటుకాలితో నేలను తన్నేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఇలాగే నడిపి, ఎవరికీ ఏ దృక్పథమూ మిగల్చకుండా చనిపోయాడు.

ఆయన స్థానంలో వచ్చిన అగ్నిస్ రూడ్జీతిస్ గారు ముప్పై నాలుగేళ్ల వయసుకే తొమ్మిదేళ్లు సంగీతం చదివారు. ఆయన చెవి ఎంత సున్నితమంటే, పక్కవాళ్లు జుర్రుకునే చప్పుడు భరించలేక నలుగురితో కూర్చుని సూప్ తాగరు. ఆయనకు స్వాగతం పలుకుతూ బృందం అధ్యక్షుడు ఓయార్స్ ప్రసంగించాడు. ఓయార్స్ పశువుల డాక్టరుగా పదవీ విరమణ చేసినవాడు. నలభై మందిలోకీ గంభీరమైన గొంతు ఆయనదే.

“మిత్రులారా! ఇన్నాళ్లూ మనం పాడాం. ఇక చాలు! పాడటానికేముంది, ఎవడైనా పాడతాడు. మనం ఎదగాలి! ఎదగాలంటే నాయకుడు కావాలి!”

అందరూ చప్పట్లు కొట్టారు. విజ్మా కూడా కొట్టింది. ఎటు ఎదగాలో ఎవరూ అడగలేదు, అది మర్యాద కాదు.

మొదటి సీజన్ పేరు ‘మూలాల వైపు’. అందులో పాత పాటలనే మూడింతలు నెమ్మదిగా పాడారు. రెండో సీజన్ ‘ఉచ్ఛ్వాసం’. ఆ కచేరీ మధ్యలో బృందమంతా పదకొండు నిమిషాలపాటు శ్వాస మాత్రమే పీల్చింది. ప్రేక్షకులంతా బంధువులే కాబట్టి ఎవరూ మధ్యలో లేచి వెళ్లలేదు. స్థానిక పత్రికలో దీన్ని గొప్పగా మెచ్చుకుంటూ సమీక్ష వచ్చింది. దాన్ని రాసింది ఓయార్స్ భార్య. కచేరీకి ముందు రోజే రాసి పంపడం వల్ల అందులో తప్పులేమీ దొర్లలేదు. ఈలోగా బృందంలో కళా సలహాదారు, సీజన్ల సమన్వయకర్త, దృక్పథ కార్యదర్శి అనే పదవులు పుట్టాయి. మూడింటినీ ముగ్గురు టెనర్లకు ఇచ్చారు. మగవాళ్లలో పై స్వరం పాడే టెనర్లు దేశంలో ఎక్కడా దొరకరు. అలిగి వెళ్లిపోతే అంతే సంగతులు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాధన అయ్యాక, కోట్లు తగిలించే గదిలో అగ్నిస్ గారు విజ్మాను ఆపారు.

“విజ్మా గారూ, ఏమీ అనుకోనంటే ఒక్క మాట.”

“చెప్పు నాయనా.”

“మీ గొంతులో జీవితం ఉందండీ. చాలా ఉంది. పాటలో అంత పట్టట్లేదు.”

“అంటే?”

“పరీక్ష అయ్యేదాకా మీరు పెదవులు కదిపితే చాలు. నోరు బాగా తెరవండి, మొహం వెలిగిపోవాలి. శబ్దం మాత్రం వద్దు. బృందం కోసమే సుమండీ.”

విజ్మాకు చేతిలోని కండువా ఎటు చుట్టుకోవాలో తెలియలేదు. “దానికన్నా నేను మానేస్తేనే నయం కదా?”

“అయ్యయ్యో, మానేస్తే ఎలాగండీ! నలభై మంది ఉండాలని నియమం ఉంది. ఇంకో మాట, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. నలుగురికీ తెలిస్తే మీకే చిన్నతనం.”

ఆ మర్యాదకు ఆమె కృతజ్ఞత కూడా చెప్పింది. బయటికి వచ్చాక, బస్సు ఎక్కకుండా మంచులో ఇంటిదాకా నడిచింది. నలభై ఒక్క ఏళ్లుగా ఆల్టో పాడుతోంది. ఆల్టో అంటే ఆడవాళ్లలో కింది స్వరం. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు, మెచ్చుకోరు; అది ఉన్నందువల్ల పైవాళ్ల పాట నిలబడుతుందని మాత్రం చెప్పేవారు. అదీ అబద్ధమేనన్నమాట. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. మర్నాటి నుంచి అద్దం ముందు నిలబడి నోరు తెరవడం సాధన చేసింది. చేసే పనేదో సక్రమంగా చేయాలి కదా.

ఆమె నోరు మూసుకున్నప్పటి నుంచి బృందం బాగుపడింది. ఇదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. వారం వారానికీ పాట పల్చబడి, తేటపడి, నీళ్లు కలిపిన పాలలా తయారవుతోంది. అగ్నిస్ గారు కళ్లు మూసుకుని, పియానోను రెండు చేతులా బాదుతూ, “ఆహా! ఇప్పుడు పారదర్శకత వచ్చింది!” అనేవారు. అంటే ఇన్నేళ్లూ తాను పాడలేదు, పాడుచేసింది. విజ్మా ఈ నిర్ణయానికి వచ్చి, నోటిని ఇంకొంచెం పెద్దగా తెరిచింది.

ఒకనాడు టీ విరామంలో స్కైద్రీతె పక్కన చేరింది. ఆమె బేకరీలో పనిచేసి మానేసిన మనిషి. ఇరవై ఏళ్లుగా పాటలో విజ్మా ఎడమవైపు నిలబడుతుంది.

“ఏమే, ఈమధ్య నీ గొంతు బలే కలిసిపోతోందే! అసలు నువ్వున్నట్టే తెలియట్లేదు.”

“నీది మాత్రం? వెన్నలా ఉంది.”

స్కైద్రీతె మొహం ఎర్రబడింది. పందిమాంసం కూరిన చిన్న రొట్టెను నోటినిండా కుక్కుకుని, చాలాసేపు నమిలింది. విజ్మాకు స్నేహితురాలిని మోసం చేస్తున్నానని సిగ్గేసి, తన పళ్లెంలోని రొట్టె కూడా ఆమెకే ఇచ్చింది.

మూడో సీజన్‌ను పరీక్ష తర్వాతకు వాయిదా వేశారు. మే నెల వచ్చింది. పరీక్ష రోజున ఆడవాళ్లు ఉన్ని లంగాలు, ఎర్రటి జాకెట్లు, గుండెల మీద పళ్లేలంత వెండి బిళ్లలతో, మగవాళ్లు పొడవాటి ఉన్ని కోట్లతో జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్లారు. దారి పొడవునా గొంతులకు విశ్రాంతినివ్వమని అగ్నిస్ గారు ఆజ్ఞాపించారు. విశ్రాంతి విషయంలో అంత అనుభవం ఉన్న బృందం ఇంకొకటి లేదు.

వేదిక ముందు ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. ఉదయం నుంచి పంతొమ్మిది బృందాలను విన్నారు. అన్నీ అవే పాటలు. పియానో లేదు, పరీక్షలో వాద్యాలు నిషిద్ధం. అగ్నిస్ గారు కళ్లు మూసుకుని చేయి ఎత్తారు. నలభై నోళ్లు ఒక్కసారిగా, అందంగా తెరుచుకున్నాయి.

ఏమీ వినిపించలేదు.

తన చెవులు పోయాయని విజ్మా అనుకుంది. ఎక్కడో కుర్చీ కిర్రుమంది; చెవులు బాగానే ఉన్నాయి. ఎడమవైపు చూసింది. స్కైద్రీతె మొహం వెలిగిపోతోంది, నోరు సొరంగంలా ఉంది, అందులోంచి ఊపిరి కూడా రావడం లేదు. వెనక్కి చూసింది. ఓయార్స్ గడ్డం లయబద్ధంగా ఊగుతోంది. ముగ్గురు టెనర్లు కళ్లలో నీళ్లు తెచ్చుకుని మరీ నోళ్లు కదుపుతున్నారు. అగ్నిస్ గారు మాత్రం పరవశంలో ఉన్నారు. తొమ్మిదేళ్లు చదువుకున్నాక పాట వినడానికి చెవులతో పనేముంది?

ప్రతి ఒక్కరికీ చెప్పాడన్నమాట! అదే కోట్ల గదిలో, అదే మర్యాదతో, ఒక్కొక్కరికే, రహస్యంగా. విజ్మాకు ఒళ్లు మండింది. ఆ మంట వెనకే, మూడు నెలలుగా లేని సంతోషం ముంచుకొచ్చింది. పాడుచేసింది నేను కాదు! ఆమె ఊపిరి తీసుకుని, రెండో చరణంలో తన కింది స్వరాన్ని అందుకుంది.

ఆల్టో వరుస ఒక్కటే వింటే అది ఏ పాటో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పైన ఉండవలసిన పాట లేదు. కింది స్వరం మాత్రం అక్కడక్కడే తిరుగుతూ, తలుపులన్నీ తడుతూ పోయింది. అయినా విజ్మా ఆపలేదు. చివరి స్వరం వరకూ, పూర్తి కాలం పాడింది. ముప్పై ఎనిమిది మంది నోళ్లు తెరిచే ఉంచి కళ్లతో ఆమెను తిట్టారు. స్కైద్రీతె ఒక్కతే తిట్టలేదు, తల దించుకుంది.

ఫలితం సాయంత్రానికి వచ్చింది. యాభైకి నలభై ఎనిమిది. పొద్దుటి నుంచి పడిన హింసలో దొరికిన ఆ నాలుగు నిమిషాలకు న్యాయనిర్ణేతల ప్రాణం లేచొచ్చింది. ‘అపూర్వమైన మృదుత్వం. ఒక్క అపస్వరం కూడా లేదు’ అని నివేదికలో రాశారు. కింద ఇంకో వాక్యం ఉంది: ‘రెండో చరణంలో ఒక ఆల్టో గొంతు వినపడి బృంద ఐక్యతకు భంగం కలిగినందున రెండు మార్కులు తగ్గించడమైనది.’ బృందం రీగాకు ఎంపికైంది.

మంగళవారం సర్వసభ్య సమావేశం పెట్టారు. ఓయార్స్ లేచి నిలబడ్డాడు.

“మిత్రులారా! మన మృదుత్వం ఒక్కరి సొత్తు కాదు. ముప్పై తొమ్మిది మంది చెమటోడ్చి సాధించుకున్న మృదుత్వం! దాన్ని ఒక్క గొంతు, ఒకే ఒక్క గొంతు...” ఆవేశంతో నీళ్లు తాగాడు. “ఆ రెండు మార్కులు కూడా వచ్చుంటే జిల్లాకే మొదటివాళ్లమయ్యేవాళ్లం!”

విజ్మా కూర్చున్నచోటి నుంచే అడిగింది. “ఓయార్సూ, నువ్వు పాడావా? పెళ్లాం మీద ఒట్టేసి చెప్పు.”

“అది ఈనాటి చర్చనీయాంశం కాదు.”

“మీకు కూడా చెప్పలేదూ, కోట్ల గదిలో? చెప్పండర్రా! స్కైద్రీతే, నీకూ చెప్పాడు కదే?”

స్కైద్రీతె పరీక్ష రోజు నుంచీ తీయని తన వెండి బిళ్లను జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టింది. ఔనంటే, తన గొంతు పనికిరాదని నలుగురిలో ఒప్పుకున్నట్టే. హాలులో ప్రతి ఒక్కరికీ అదే చిక్కు వచ్చింది. అగ్నిస్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, నాయకుడికి ఉండవలసిన ఒంటరితనాన్ని అనుభవించారు.

క్రమశిక్షణా ఉల్లంఘన కింద విజ్మాను బృందం నుంచి తొలగించాలని తీర్మానం ప్రవేశపెట్టారు. నలభై మంది లెక్క తగ్గకుండా ఆమె స్థానంలో ఓయార్స్ భార్యను తీసుకోవాలని కూడా అందులోనే చేర్చారు. ఆమెకు పాట రాదు. ఇక రావలసిన అవసరమూ లేదు.

“ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అని ఓయార్స్ అడిగాడు.

సత్యం చెప్పాలి కదా, అభ్యంతరం చాలామందికి ఉంది. నోళ్లు తెరుచుకున్నాయి. అన్నిటికన్నా పెద్దగా స్కైద్రీతె నోరు తెరుచుకుంది. మొహం కూడా వెలిగింది. విజ్మా ఒక్కొక్క నోటినీ ఆశగా చూసింది. ఏ నోటినుంచీ ఏమీ రాలేదు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని దృక్పథ కార్యదర్శి రాసుకున్నాడు. విజ్మా కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఇది చదువుతూ ‘ఎంత అన్యాయం!’ అని మీరు అనే ఉంటారు. అన్నారు కదూ? పక్క గదిలో ఉన్నవాళ్లకు వినిపించిందేమో, ఒకసారి కనుక్కోండి.