బీరువా చెరలో భూగోళం

వినుడు, వినుడు, తుమ్ములాపుకొని వినుడు! ఎనుమాముల మార్కెట్టు నుండి ఎగసిన మిర్చిఘాటు పండిత పామర భేదము పాటింపక సర్వజన నాసికారంధ్రాలను దండించు ఓరుగల్లు మహానగరంబున, ఒకానొక ఉన్నత పాఠశాలలో, మూడవ పిరియడు గంట మ్రోగిన ముహూర్తంబున, భూగోళ విమోచన మహాసంగ్రామం సంభవించెను.

పూర్వమెవడో రాక్షసుడు భూమిని చాపచుట్టి సముద్రంలో దాచాడట. మన హెడ్మాస్టరు కుమారస్వామి అంత శ్రమ పడలేదు. పిల్లలు పగలగొడతారన్న భయంతో బడి గ్లోబును ప్లాస్టిక్ సంచీ సహితంగా ఇనుప బీరువాలో పెట్టి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. భీరువు చేతికి బీరువా చిక్కితే అంతే మరి! గ్లోబు మీద ఆయనకున్నది ప్రేమ కాదు, లోభం.

ఆ భూభారాన్ని ఆరేళ్లుగా ఒక్క బత్తాయిపండు మీద మోసిన వీరనారి, సుద్దముక్కాయుధధారిణి, డస్టరుధూళిధూసరితకుంతల, సోషల్ టీచర్ సుకన్య. ఆమె బత్తాయిని తిప్పి రాత్రింబవళ్లను సృష్టించేది. పాఠం ముగియగానే తొమ్మిదో తరగతి ఆ సప్తఖండావనిని తొనలు తొనలుగా పంచుకొని మింగేది. ఆసియా ఎప్పుడూ రాకేష్‌కే. నవ్యకు మిగిలేది అంటార్కిటికా తొక్క.

"టీచర్, అసలు గ్లోబు ఒక్కపారి చూపియ్యుండ్రి" అని నవ్య అడిగినప్పుడల్లా, "చూపిస్త బిడ్డా" అనేది సుకన్య. ఆ మాట నిలబెట్టుకోకముందే బదిలీ ఉత్తర్వు పిడుగై పడింది. రేపే ఏటూరునాగారం ప్రయాణం. గ్లోబు నేడు బయటికి రాకుంటే ఇక రాదు!

అప్పుడు కుమారస్వామి, ఆమె అప్పగించి పోవలసిన సామాన్ల జాబితాను గదాదండంలా ముందుకు చాచి, "సంతకం పెట్టు సుకన్యమ్మా, మంచిగ పోయిరా" అనెను. అందులో పదునాల్గవ పంక్తి: "గ్లోబు ఒకటి, తిరుగునది."

అది చదివిన సుకన్య, భ్రూమధ్యం భూమధ్యరేఖలా వేడెక్కగా, ఇట్లనియె:

"తిరుగుతదని నేనెట్ల సంతకం పెట్టాలె సార్? ఆరేండ్లల్ల ఎన్నడన్న చూసిన్నా?"

"భూమి తిరగక యాడికి పోతదమ్మా!"

"తుప్పు పట్టిందనుకోండ్రి. నా జాగల వచ్చే శ్రీలత మేడం తిప్పి చూసి, తిరగని భూమిని అంటగట్టిండ్రంటే ఎవరి ఇజ్జత్ పోతది? మీదా, నాదా?"

ఆ వాగ్బాణం తగిలి హెడ్మాస్టరు హెడ్డు గిర్రున తిరిగెను. భూమి తిరుగుట మాత్రం ఇంకనూ రుజువు కాలేదు.

"సరే తీస్త. నువ్వొక్కదానివే చూడు."

"సాక్షులుండాలె గద సార్. తొమ్మిదో తరగతి మొత్తం వరండల నిలవడ్డది."

"గీ కోతులమందా సాక్షులు!"

అయినను మొలతాడు సడలెను, తాళంచెవి వెడలెను, బీరువా కిర్రుమని మొరపెట్టెను. ప్లాస్టిక్ వల్కలధారిణియై భూదేవి వెలుగులోకి వచ్చెను. ముప్పైఆరు నోళ్లు ఒక్కసారి తెరుచుకొనెను.

"సంచీ తియ్యొద్దు!" అని గర్జించెను కుమారస్వామి.

"సంచీ లిస్టులనే లేదు సార్" అని లాగి పారేసెను సుకన్య.

నవ్య చూపుడువేలితో పసిఫిక్ మహాసముద్రాన్ని నెట్టింది. భూగోళం మొరాయించింది, కీచుమంది, తిరిగింది!

"అయిపాయె! పెట్టు సంతకం!"

"ఆగుండ్రి సార్" అంటూ ఆసియాభక్షకుడు రాకేష్ అడ్డు తగిలెను. "అది ఉల్టా తిప్పింది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతది. ఇప్పుడు మనం నిన్నట్ల ఉన్నం."

నవ్య ఈసారి సరిగ్గా తూర్పుకు తిప్పింది. "ఇయ్యాల్టికొచ్చినం!" అని దిక్కులు పిక్కటిల్లేలా అరిచారు పిల్లలు.

ఆ అరుపుకు హెడ్మాస్టరు లోపలి బీరువా కూడా కొంచెం తెరుచుకుందేమో, "మంచిగనే తిరుగుతాంది గదా, ఇంకొక చుట్టు తిప్పుకోరాదే" అన్నాడు నవ్యతో.

నవ్య రెండు చేతులతో భూమిని గట్టిగా ఆపేసింది. "వద్దు సార్. ఇంకొకటి తిప్పితే రేపయితది. టీచర్ పోతది."

సుకన్య గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకొనెను. మిర్చిఘాటు గావచ్చు.

జయము! జయము! వెనక్కొక చుట్టు, ముందుకొక చుట్టు, వెరసి సున్నా చుట్లు తిరిగి, బయలుదేరిన చోటనే నిలిచి, భూగోళం దిగ్విజయం సాధించెను. వీరనారి కలము దూసి, జాబితాలో "తిరుగునది" పక్కన "రెండు దిక్కులా" అని చేర్చి సంతకం చేసెను.