శకటాన్ని తొందరగా బలివ్వండి!

పదో ఎత్తు లోపు శకటాన్ని బలివ్వలేని పిరికివాళ్ళు చదరంగం మానేసి ఊరగాయలు పెట్టుకోవడం మంచిది. ఇది నా సిద్ధాంతం. ప్రత్యర్థి రాజు కోట కట్టుకుని మూల నక్కాడా? అతని ముందున్న బంటును శకటంతో కొట్టండి. రాజు శకటాన్ని తింటాడు. గుర్రంతో చెక్ చెప్పండి, మంత్రిని ఉరికించండి. తరువాత ఏమవుతుంది? సాధారణంగా మీరు ఓడిపోతారు!

అందులో నష్టమేముంది? ఎలాగూ పోయే శకటాన్ని నలభై ఎత్తులు కాపాడుతూ గుండె దడ తెచ్చుకోవడం దేనికి? నేను బంధువులను రైలెక్కించడానికి రెండు గంటల ముందే స్టేషన్‌కు వెళ్తాను. ఏడవాల్సింది ముందే ఏడ్చేస్తే, రైలు కదిలేటప్పుడు చేతులు ఊపడానికి తీరిక ఉంటుంది. పిల్లి పారిపోతుందేమోనన్న భయంతో దాన్ని నేనే పక్కవీధిలో ఇచ్చి వచ్చాను. ఇంత ముందుచూపు మా కుతైసీ ఊళ్ళో ఇంకెవరికుంది?

నాకు ఆట నేర్పింది ఒక పాత పుస్తకం. దాని చివరి అరవై పేజీలను సంతలో పొద్దుతిరుగుడు గింజల పొట్లాలకు వాడేశారు. అందుకే దాడి చేయడం వచ్చు, ఆట ముగించడం రాదు. మంగలి గివీ నా ఎత్తులను ఫోన్‌లోని చదరంగంలోకి ఎక్కిస్తే, అది శకటం దగ్గర ప్రతిసారీ ఎర్రగుర్తు పెడుతుంది. పెట్టనీ! ఫోన్‌కు మా వాకిలి సంగతి ఏం తెలుసు?

మా వాకిట్లో ద్రాక్షపందిరి కింద పదకొండేళ్ళుగా నా ఎదుట కూర్చునేది నాలుగో అంతస్తు జుంబెర్. నేను శకటం ఇస్తాను. అతను గుర్రాన్ని వెనక్కి తెచ్చి రాజును కాపాడుకుంటాడు. నేను ఓడిపోతాను. మామూలుగా నన్ను ‘ఒసే త్సియాలా’ అంటాడు, గెలిచినప్పుడు మాత్రం ‘కల్బతోనో త్సియాలా’ అని దొరసానికిచ్చే మర్యాద ఇస్తాడు. ఆ మర్యాదకు ఒళ్ళు మండుతుంది.

మా వాకిట్లో ఒక కట్టుబాటుంది. ఓడినవాళ్ళు ఇంకో ఆట అడిగితే గెలిచినవాళ్ళు లేవకూడదు. చలేసినా, వానొచ్చినా, పొయ్యి మీద లోబియో, అదే చిక్కుడుగింజల కూర, మాడినా సరే. ఇప్పుడు చెప్పండి, తొందరగా ఓడేవాళ్ళకన్నా తెలివైనవాళ్ళున్నారా?

మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని జుంబెర్ జెస్తాఫోనిలోని చెల్లెలింటికి మారిపోయాడు. మొన్న గురువారం మూడింటికి వ్యాను. ఒంటిగంటకే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. వరసగా నాలుగు ఆటలు ఓడాను, నాలుగుసార్లు ఇంకోటి అడిగాను. గివీ గడియారం చూసి, వ్యాను వెళ్ళిపోయేదాకా ఈవిడ ఓడుతూనే ఉంటుందన్నాడు.

ఐదో ఆటలో శకటం ఇచ్చాను. రాజు తిన్నాడు. గుర్రంతో చెక్ చెప్పాను, మంత్రిని దించాను. జుంబెర్ తన గుర్రాన్ని ముట్టుకోలేదు. అటు చివరి బంటును ఒక గడి జరిపాడు.

“గుర్రం చూసుకో” అన్నాను.

“చూశాను. నువ్వు ఆడు.”

ఇంకేం ఆడను? రాజుకు కదిలే చోటు లేకుండా పోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి గెలిచాను!

“ఇంకోటి అడుగు” అన్నాను.

“ఓడినవాణ్ణి నేను. అడగాలా వద్దా అన్నది నా ఇష్టం” అని లేచి టోపీ పెట్టుకున్నాడు. “మోకాళ్ళు జాగ్రత్త, త్సియాలా.”

మోకాళ్ళ నొప్పి అతనికి, జాగ్రత్తలు నాకు!

ఆ ఎత్తులను ఇంట్లో మళ్ళీ మళ్ళీ పేర్చి చూస్తున్నాను. ప్రతిసారీ గుర్రం వెనక్కి రాగలదు. నాలుగు ఎత్తులు ముందు చూసే మనిషికి అది కనబడలేదంటే మీరు నమ్ముతారా? ఆ గెలుపు నాది కాదు. నేనిది రాస్తున్న ఈ పత్రిక జెస్తాఫోనిలోనూ దొరుకుతుంది. ఓడినవాళ్ళు ఇంకో ఆట అడగడానికి మా కట్టుబాటులో గడువేమీ లేదు. గెలిచినదాన్ని, నేను అడగకూడదు.

నువ్వు అడుగు, జుంబెర్.