పియానో వెనక అవాంఛిత శబ్దం

విశాఖలోని నిర్మల రికార్డింగ్ స్టూడియోలో టేపు మీంచి ఏ శబ్దం తీసేసినా, అది లోకంలోంచి కూడా పోయేది. అక్కడి పద్ధతే అంత. ఫ్యాను రొద తీసేస్తే ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. వీధికుక్క మొరుగు తీసేస్తే, అది కాసేపు ఊరికే నోరు తెరిచి మూసి, విసుగొచ్చి పడుకుంది. మునిసిపాలిటీవారు స్టూడియోకి శాలువా కప్పారు.

జయశీల్ వాయించిన పియానో సొనాటాలో మాత్రం ఒక శబ్దం మిగిలిపోయింది. పక్కన కూర్చుని స్వరాల కాగితాలు తిప్పే తల్లి మరియమ్మ కూనిరాగం అది. కొడుకు సాధన వినీ వినీ ఆవిడకు ఆ స్వరాలన్నీ నోటికొచ్చేశాయి. కాగితం చేతిలో ఉంటే గొంతు ఆగేది కాదు. ఈ రికార్డింగు ఢిల్లీ పోటీకి వెళ్ళాలి. అక్కడ నెగ్గితేనే కచేరీలు.

"ఈ గొంతెవరిదండీ?" అనడిగాడు ఇంజనీరు పట్నాయక్.

జయశీల్ తల్లి నేతచీర వైపు చూశాడు. "పనిమనిషిది" అనేశాడు.

మరియమ్మ విననే విన్నది. లేచి, గదిలో ఉన్న ఎంగిలి టీ గ్లాసులన్నీ ఏరింది.

"మనిషి గొంతు ముక్కలుగా ఊడిరాదండి. తీస్తే మొత్తం పోతుంది" అన్నాడు పట్నాయక్. "ఏమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

"నాకేటి బాబూ! తీసెయ్యండి. అబ్బాయిగారి వాయింపు బాగా రావాల గదా."

ఆవిడ నోట వినపడిన ఆఖరి మాట అదే. అబ్బాయిగారు! జయశీల్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆడింది అబద్ధమని ఒప్పుకోవడానికి అంతకన్నా సిగ్గేసింది. తల దించుకుని నిలబడ్డాడు. పట్నాయక్ మీట నొక్కాడు.

ఇంటికెళ్ళాక కాళ్ళమీద పడి ఏడ్చాడు. ఆవిడ తల నిమిరి ఏదో అంది. క్షమించిందో, తిట్టిందో, అన్నానికి లెమ్మందో అతనికి తెలియలేదు.

పోటీలో అతనే నెగ్గాడు. వెనకాల అంత నిశ్శబ్దం తామెన్నడూ వినలేదని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎలా వచ్చిందో ఊరంతా పాకింది. పెళ్ళిచూపులకు ముందు, కొత్త ఇంటి విందుకు ముందు జనం తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని స్టూడియో ముందు వరస కట్టారు. టోకెన్లు పెట్టాల్సొచ్చింది.

రెండో రికార్డింగుకి వెళ్ళిన జయశీల్‌ని వరసలో ఉన్న టై కట్టుకున్నాయన ఆపాడు. పక్కన పంచెలో వాళ్ళ నాన్న.

"నొప్పేమైనా ఉంటుందాండీ?"

చెప్పాల్సిందంతా జయశీల్ గొంతుదాకా వచ్చింది. లోపల పట్నాయక్ అతన్ని పిలుస్తున్నాడు. గుమ్మంలో టోకెన్ నంబర్లు చదువుతున్నారు.

"కొన్నాళ్ళు మీకు సిగ్గుగా ఉంటుందండి. తరవాత అలవాటైపోతుంది."

టై ఆయన వెనక్కి రెండడుగులు వేశాడు.

"పర్లేదులే నాయనా, మన టోకెనే పిలుస్తన్నారు, రా" అంటూ ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు.