గజమాలకు చాలని పైకప్పు

మొదట నా చేతిలో ఉన్నవి ఇవి: హోసూరు చుట్టుపక్కల తోటల గులాబీ బుట్టలు, వాటిని బెంగళూరుకు మోసుకుపోయే ఒక ప్యాసింజరు రైలు, ఆ రైలు వచ్చేదాకా బుట్టల నెత్తిన ఎండ. స్టేషన్ పేరు చెప్పను. చెబితే తక్కిన స్టేషన్లు చిన్నబుచ్చుకుంటాయి. సూళగిరి నుంచి పూలు తెచ్చే గంగక్కకూ నాకూ రైలు రాకముందే సరుకు వాడిపోయేది. నీడ కావాలని అర్జీ పెట్టాం.

అర్జీలు ఎవరూ చదవరని గిట్టనివాళ్లు అంటారు. మాది చదివారు. అనంతకుమార్ అనే యువ ఇంజనీరు వచ్చి తేలికైన ఆధునిక పైకప్పు గీశాడు: సన్నని గొట్టాలు, వాటిమీద బిగించిన తెల్లబట్ట. గాలిని లెక్కగట్టాడు, వానను లెక్కగట్టాడు, పైన వాలే కాకులనూ వదల్లేదు. కప్పు లేచింది. గంగక్క బుట్ట దించి, "చల్లగుంది అంజనప్పా, ఈడే కాపురం పెట్టేయొచ్చు" అనింది.

అయితే ప్రారంభోత్సవం జరగని నీడలో నిలబడడం మర్యాద కాదు. తాడు కట్టి మమ్మల్ని ఎండలోకి పంపారు.

ముఖ్య అతిథి జయరామప్పగారు, మా నాయకుడు. మన వైపు నాయకుడికి చేతితో వేసే మాల వేస్తే అవమానం. క్రేను ఎత్తే గజమాల కావాలి. ప్లాట్‌ఫారం మీదికి క్రేను రాదు. కనుక మాలను కప్పుకే వేలాడదీయాలని కార్యకర్తలు ఏకగ్రీవంగా తీర్మానించారు. పూలతో పాటు మాలలూ కట్టేవాణ్ణి కనుక ఆర్డరు నాకే దక్కింది.

అనంతకుమార్ చేతులు జోడించాడు. "మాల బరువు నా లెక్కలో లేదు సార్!"

"ఏమప్పా, కాకికి లెక్క ఉంది, మా అన్నకు లేదా?" అన్నారు కార్యకర్తలు.

ఈ ప్రశ్నకు ఇంజనీరింగు కాలేజీలో జవాబు నేర్పరు.

మాల కప్పుకెక్కింది. జయరామప్పగారు మైకు అందుకున్నారు. "ఈ కప్పు నూరేండ్లు నిలుస్తాదని మీకు మాట ఇస్తా ఉండాను!"

చప్పట్లు ఆగకముందే కప్పు మాలతో సహా వారి పాదాల దగ్గరికి దిగివచ్చింది. తేలికైనది కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంత గొప్పగా గీసినందుకు అనంతకుమార్‌ను బదిలీ చేశారు.

విచారణలో లోపం తేలింది: కప్పు గజమాలకు తగినట్టు లేదు. వెంటనే సరిదిద్దారు. లావుపాటి ఇనుప స్తంభాలు, ఏనుగు వేలాడినా వంగని దూలం, దూలానికి కొక్కేలు. పైన రేకులు మాత్రం రెండో విడతలో వస్తాయట. దూలం ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. ఆ తరువాత పుట్టినరోజులకూ పదవీ విరమణలకూ అక్కడే మాలలు. ఒకనాడు రైలు సమయానికి వచ్చిందని డ్రైవరుకు కూడా వేశారు.

"నీడ అడిగితే దూలమిచ్చినారే!" అనింది గంగక్క. "నా పూలు ఇంకా ఎండలోనే మాడతా ఉండాయి. ఇంకో అర్జీ రాయప్పా."

రాశాను. దాన్ని జయరామప్పగారికి అందించే సభకు మాల ఆర్డరు కూడా తీసుకున్నాను.

ఇక ఆఖరి లెక్క. నాకు మాలల వ్యాపారం, జయరామప్పగారికి దూలం, గంగక్కకు ఎండ. చప్పట్లు కొట్టిన మీకేం మిగిలిందంటారా? మాల పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలో మీరు చాలా బాగున్నారు.